చలి రాత్రుల్లో ఆక్వాపోనిక్స్ నీరు చల్లబడిపోతోంది: ఎంత పెద్ద హీటరు వేయాలి?

ప్రశ్న (ఆదిలాబాద్ నుంచి)

చేపల ట్యాంకు నీటినే మొక్కల మడులకు తిప్పే ఆక్వాపోనిక్స్ పద్ధతిలో, మా పెరట్లోని చిన్న పాలీహౌస్‌లో వెయ్యి లీటర్ల ఐబీసీ ట్యాంకు (ఇనుప చట్రంలో ఉండే పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు) పెట్టి పంగస్, శీలావతి కలిపి 50 చేపలను, పక్కనే రెండు కంకర మడుల్లో పాలకూర, మెంతి, టమాటాలను పెంచుతున్నాను. పంపు గంటకు సుమారు వెయ్యి లీటర్లు మడుల్లోకి ఎక్కిస్తుంది, ఆ నీరు బెల్ సైఫన్ల (మడి నిండగానే నీటిని తనంతట తానే దించేసే గొట్టాలు) గుండా తిరిగి ట్యాంకులో పడుతుంది. డిసెంబరు వచ్చినప్పటి నుంచి సాయంత్రం ఆరింటికి 23 డిగ్రీలున్న నీరు తెల్లవారి ఆరింటికి 16.5కు దిగిపోతోంది, పంగస్ మేత ముట్టడం లేదు. 200 వాట్ల అక్వేరియం హీటరు వేసి చూసినా ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా రాలేదు. ఇంట్లో ఉన్న 1500 వాట్ల ఇమ్మర్షన్ రాడ్డు వేయవచ్చా, లేక మేడ మీది సోలార్ హీటరుకు రాగి గొట్టం చుట్ట కలిపి ట్యాంకులోకి దింపడం మంచిదా, అనుభవమున్న వారు దయచేసి చెప్పగలరు.

జవాబు

హీటరు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ వేడి ఎటు పోతోందో తేల్చుకోవాలి. వెయ్యి లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి 1.16 యూనిట్ల కరెంటు కావాలి కనుక, 6.5 డిగ్రీలు పడిపోవడమంటే మీరు రాత్రికి ఏడున్నర యూనిట్ల వేడిని పోగొట్టుకుంటున్నారని అర్థం, అంటే పన్నెండు గంటల పాటు సగటున 630 వాట్లు. మీ 200 వాట్ల హీటరు రాత్రంతా వెలిగినా ఇచ్చేది 2.4 యూనిట్లే, అందువల్ల తప్పు హీటరుది కాదు. నా అనుమానమంతా కంకర మడుల మీద ఉంది. ఈ రాత్రి పదకొండు గంటలకు ఒకే థర్మామీటరుతో ట్యాంకు నీటిని, సైఫన్ నుంచి పడే నీటిని విడివిడిగా కొలిచి చెప్పండి. రెండు వేర్వేరు థర్మామీటర్లు వాడితే వాటి మధ్య తేడాయే మనల్ని మోసం చేస్తుంది.

ప్రశ్నించిన వారు

కొలిచానండి. ట్యాంకులో 19.6, సైఫన్ దగ్గర 19.2 ఉంది. 0.4 డిగ్రీలు లెక్కలోకి తీసుకోవలసినంత తేడా కాదనుకుంటాను.

జవాబు

లెక్కలోకి తీసుకోవలసింది దాన్నేనండి. గంటకు వెయ్యి లీటర్లు తిరిగే చోట 0.4 డిగ్రీలంటే దాదాపు 465 వాట్లు, అంటే మీ మొత్తం నష్టంలో ముప్పావు వంతు ఆ మడుల్లోనే జరుగుతోంది. తడిసిన కంకర చలిగాలికి పరచుకుని ఉంటుంది, దాని మీద నుంచి ఒక్క లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.68 యూనిట్ల వేడిని వెంట తీసుకుపోతుంది. తెల్లవారుజామున పాలీహౌస్ షీటు లోపలి వైపు పట్టి చుక్కలు చుక్కలుగా రాలే చెమ్మలో మీ ట్యాంకు నీరు కూడా ఉంది. పగలు ఎండకు కాగిన ఆ కంకరే నీటిని వేడెక్కిస్తుంది కాబట్టి, పగలు మీకు హీటరుగా పనికొచ్చే మడి రాత్రి కూలరుగా మారుతోంది, దాన్ని నడిపిస్తున్నది మీ పంపే.

అందుచేత పంపుకు ఒక టైమరు పెట్టి, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు ఆపకుండా నడపండి, రాత్రి రెండు గంటలకొకసారి పది నిమిషాలు మాత్రం తిరగనివ్వండి. తడిగా ఉండి గాలి ఆడే కంకరలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఆ వ్యవధికి చావదు. మేత మాత్రం మధ్యాహ్నం మూడులోపే వేసేయండి, నీరు 18కి దిగువన ఉన్న రోజు అసలు వేయకండి, ఎందుకంటే తినని మేత కుళ్లితే చలికి మందగించిన ఆ బ్యాక్టీరియా దాన్ని తట్టుకోలేదు. గాలి పంపును మాత్రం రాత్రంతా నడపవలసిందే, వీలైతే ఇన్వర్టరుకు కలపండి. నీరు చల్లబడితే చేప మేత మానేస్తుంది గాని, గాలి ఆగితే తెల్లారేసరికి తేలిపోతుంది.

ట్యాంకు చుట్టూ, అడుగున రెండంగుళాల థర్మాకోల్ కట్టి, పైన కూడా మూత వేయండి. అప్పుడు మిగిలే నష్టానికి మీ దగ్గరున్న 200 వాట్ల హీటరే సరిపోతుంది. దాన్ని నీటిమట్టం ఎప్పుడూ తగ్గని లోతులో పెట్టండి. మడి నిండినప్పుడల్లా నీటిమట్టం తగ్గిపోయే సంపులో నేను ఒక గాజు హీటరు పెట్టి, అది బయటపడి కాగాక నీరు తగిలి పగిలిపోయేదాకా సంగతి తెలుసుకోలేదు.

మరొకరి జవాబు

పై సమాధానానికి రెండు హెచ్చరికలు కలుపుతున్నాను. ఇమ్మర్షన్ రాడ్డుకు మామూలుగా థర్మోస్టాట్ ఉండదు, మీ ట్యాంకులో అది గంటకు డిగ్రీకి పైగా పెంచుతుంది, వేసి నిద్రపోతే చేపలు ఉడికిపోతాయి. పైపూత అరిగిన రాడ్డున్న నీటిలో చేయి పెట్టడం మనిషికే ప్రమాదం. ఏ హీటరు వేసినా ఆ లైనుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) తప్పనిసరిగా ఉండాలి. ఇక ఆక్వాపోనిక్స్ నీరు రానురాను ఆమ్లగుణం వైపు జరుగుతుంది కాబట్టి అందులో రాగి, ఇత్తడి, జింకు పూసిన జీఐ గొట్టాలు కరిగి చేపలకు విషమవుతాయి, చుట్ట వేయదలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలుదే వేయాలి. అంత ఖర్చు వద్దనుకుంటే, సోలార్ హీటరు నుంచి 60 డిగ్రీల నీటిని మూడు ఇరవై లీటర్ల క్యాన్లలో నింపి, మూత బిగించి సాయంత్రం ట్యాంకులోకి దించండి. వాటి నుంచి రాత్రికి దాదాపు 2.6 యూనిట్లు వస్తాయి. క్యాన్లు దించితే మట్టం పైకి వస్తుంది కనుక ముందే అరవై లీటర్లు తీసేయండి.

ప్రశ్నించిన వారు (వారం తరువాత)

టైమరు, థర్మాకోల్, మూత, పాత హీటరు, ఈ నాలుగింటితోనే నిన్న తెల్లవారి ఆరింటికి 21.3 డిగ్రీలు ఉంది. పదింటికి మేత వేస్తే పంగస్ పైకి వచ్చి తిన్నది. క్యాన్ల అవసరం ఇంకా రాలేదు. అయితే రాత్రి పది నిమిషాల్లో మడి సగమే నిండి, సైఫన్ పట్టక, ఆ నీరు అక్కడే నిలిచి గడ్డకట్టినట్టు చల్లబడి, ఉదయం ఒక్కసారిగా ట్యాంకులో పడుతోంది.

జవాబు

సైఫన్‌కు బోర్లించిన మూత (బెల్) లోపలి నిలువు పైపుకు అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయండి. రాత్రి ఎక్కిన నీరు గంట, గంటన్నరలో దాని గుండా దిగిపోతుంది. పగలు పంపు ఎక్కించే నీటితో పోలిస్తే ఆ రంధ్రం నుంచి కారేది కొద్దిపాటిదే కనుక మడి మామూలుగానే నిండి సైఫన్ పడుతుంది. ఒకవేళ పట్టకపోతే రంధ్రంలో సన్నని పుల్ల దూర్చి కొంత మూసి చూడండి.