తెలుగులో అడిగితే హిందీలో జవాబు: హైదరాబాద్‌లో మీకెలా ఉంది?

గోదారి గట్టు:
అమలాపురం నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. బ్యాంకు ఉద్యోగం, మణికొండలో కాపురం. ఇక్కడ నాకో చిత్రం ఎదురవుతోంది. కూరల బండి దగ్గర "వంకాయలెంత?" అంటే "చాలీస్" అంటాడు. మొన్న ఆటో ఎక్కాను. "మెహదీపట్నం" అన్నాను. "బైఠో సాబ్" అన్నాడు. దారి పొడుగునా నా ముక్కల హిందీతో తంటాలు పడ్డాను. టోలీచౌకి దగ్గర అతనికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. "ఆఁ, వస్తున్న. బియ్యం కడిగి పెట్టు" అన్నాడు. ఇద్దరం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం. దిగేటప్పుడు మళ్ళీ "పచాస్ దేదో" అన్నాడనుకోండి, అది వేరే సంగతి.

అసలు గొడవ ఇదీ: వచ్చే నెల నుంచి నన్ను చార్మినార్ అవతలి బ్రాంచికి వేశారు. నాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. అక్కడ పనిచేసినవాళ్ళు, ఉన్నవాళ్ళు, మీ అనుభవాలు చెప్పండి.

లాల్‌దర్వాజా పోరడు:
అన్నా, ముందుగాల ఒక్కటి సమజ్ చేస్కో. ఆ "చాలీస్" హిందీ గాదు, మన దక్కనీ, అంటే ఈడి ఉర్దూ. ఢిల్లీ హిందీ పట్టుకొని పాతబస్తీకి పోతే నవ్వుతరు. "నహీఁ చాహియే" అనకు, "నక్కో" అను. "హాఁ" కాదు, "హౌ". "క్యోఁ" కాదు, "కైకు". "మైఁనే కహా" అంటే నిన్ను బయటోడు అనుకుంటరు, "మైఁ బోలా" చాలు. మాట ఒకటికంటె ఎక్కువైతే చివర ఆఁ తగిలించు: బాతాఁ, లోగాఁ, కాగజాఁ.

బ్యాంకులో కూసుంటవు గాబట్టి ఒక్కటి మాత్రం యాదుంచుకో. "పరసోఁ ఆయా థా" అంటే మొన్న వచ్చిన అని కాదు. పోయిన వారం కావొచ్చు, పోయిన రంజాన్ కావొచ్చు. పరసోఁ అంటే గతం, గంతే. తేదీ అడుగు.

కూకట్‌పల్లి నివాసి:
అంటే రాష్ట్ర రాజధానిలో తెలుగువాడు ఉద్యోగం చేయడానికి ఇంకో భాష నేర్చుకోవాలా? చెన్నైలో ఇలా ఉంటుందా? తప్పు మనదే. మనమే ముందు హిందీలోకి దిగుతాం. మా అపార్ట్‌మెంట్‌లో ఎనభై ఫ్లాట్లు, అరవై తెలుగువాళ్ళవే. వాచ్‌మన్ శ్రీకాకుళం మనిషి. అయినా అందరూ అతనితో "పానీ ఆయా క్యా" అంటారు. అతను కూడా పాపం "ఆయా సార్" అంటాడు.

లాల్‌దర్వాజా పోరడు:
వాచ్‌మన్ సంగతి కరెక్టే అన్నా. కానీ ఉర్దూ "ఇంకో భాష" ఎట్లయితది ఈ ఊర్ల? చెన్నైతోని పోల్చకు. 2011 జనాభా లెక్కలు చూడు, హైదరాబాద్ జిల్లాల తెలుగోళ్ళు, ఉర్దూవాళ్ళు ఇంచుమించు సమానం. 2017ల రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసిండ్రు గద. మీ హైటెక్ సిటీ దిక్కు వినబడే హిందీ వేరు, మా దిక్కు దక్కనీ వేరు. ఆ హిందీ వచ్చి మా రెండిట్నీ తింటున్నది.

మారేడ్‌పల్లి:
మా సికింద్రాబాద్ని మర్చిపోకండి. మా తాతగారు కంటోన్మెంట్ పనికి వచ్చిన తమిళులు. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, బజారులో ఉర్దూ, చర్చిలో ఇంగ్లీషు. ఎవరూ నేర్పలేదు. కాచిగూడ వెళ్తే కన్నడ, మరాఠీ. బేగంబజార్‌లో లెక్కలు మార్వాడీలో. రెండు భాషల ఊరు అనేది కాగితం మీద మాట.

దస్తావేజు రాతగాడు:
గోదారి గట్టు గారూ, ఉర్దూ ఒక్క ముక్క రాదన్నారు. మీరు రోజూ బ్యాంకులో వాడే మాటలు రాస్తాను చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, వాయిదా, జామీను, రసీదు, మంజూరు, దాఖలు, రద్దు. ఇవన్నీ అరబ్బీ పారసీల నుంచి వచ్చినవే. అమలాపురంలో కూడా ఇవే అంటారు కదా. సగం ఉర్దూ మీకు వచ్చేసింది, మిగతాది క్రియాపదాలే.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. మా నాన్నగారు నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివారు, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది రాయించుకోవడానికి రారు, చదివించుకోవడానికి వస్తారు. భూమి తగాదా అనగానే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే అప్పటి ఊరి భూముల రికార్డు, తెమ్మంటారు వకీళ్ళు. అది చాలా ఊళ్ళకి ఉర్దూలోనే ఉంటుంది. అదీ షికస్తా రాత. అంటే గొలుసుకట్టుకి తాత. చుక్కలు పెట్టరు, పెట్టినా ఎక్కడో పెడతారు. చుక్క జరిగితే అక్షరమే మారిపోతుంది, మనిషి పేరే మారిపోతుంది.

తేదీలు ఇంకో తలనొప్పి. ఫస్లీ 1357 అని ఉంటుంది, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలపాలి, 1947 వస్తుంది. నెలలేమో ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్... ఏడాది అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకి ఇంకో ఏడాది కలుపుకోవాలి. ఈ లెక్క తప్పి కేసులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

పాత లైబ్రరీ మెంబరు:
కూకట్‌పల్లి వారి ఆవేదన కొత్తది కాదు. 1921 నవంబరులో ఇదే ఊళ్ళో వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహారాష్ట్ర సంస్కర్త కార్వే పండితుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్ళని విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో లేవగానే చప్పట్లు కొట్టి, గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో నాకు సభ్యత్వం ఉంది. ఇప్పుడు వెళ్తే పోటీ పరీక్షల పిల్లలే ఎక్కువ కనిపిస్తారు.

ఒక మాట సరిచేసుకోవాలి. గోల చేసింది ఉర్దూవాళ్ళే అని కొందరు చెప్పుకుంటారు. ఆ సభలో మరాఠీవారే ఎక్కువ. ఇంకోవైపు, అచ్చ తెనుగులో వచ్చిన మొదటి కావ్యం యయాతి చరిత్రని పొన్నెగంటి తెలగన అంకితమిచ్చింది ఎవరికి? పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కి. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాని మన కవులు మల్కిభరాముడన్నారు. ఆయన కొడుకు మహమ్మద్ కులీ ఈ ఊరు కట్టి, దక్కనీలో కవిత్వం రాసుకున్నాడు.

లాల్‌దర్వాజా పోరడు:
సార్, ఇంటర్వెల్ బెల్ ఎప్పుడు?

పాత లైబ్రరీ మెంబరు:
కొట్టేశాను నాయనా, పో.

రెండు పేపర్ల ఇల్లు:
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. నాది గోదారి గట్టు గారి కథకి తిరగేసిన కథ.

పుట్టింది నల్లగొండ జిల్లా పల్లెలో. మా ఊళ్ళో మావి నాలుగే ముస్లిం ఇళ్ళు. బడిలో తెలుగు, ఆటలో తెలుగు, బతుకమ్మ పాటలు అన్నీ వచ్చు. ఇంట్లో అమ్మతో ఉర్దూ, అదీ సగం తెలుగే. పెళ్ళయి యాకుత్‌పురా వచ్చాను. బురఖా వేసుకుని బయటికెళ్తే ఒక్కరూ నాతో తెలుగు మాట్లాడరు. పోయినేడు మా అత్తమ్మని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి ముందున్నవాళ్ళతో చక్కగా తెలుగులో మాట్లాడుతోంది. నా వంతు వచ్చింది. "షుగర్ పరీక్షకి తినకుండా రావాలా?" అని తెలుగులోనే అడిగాను. తలెత్తి నా బట్టలు చూసి, "ఖాలీ పేట్ ఆనా" అంది. మళ్ళీ తెలుగులో అడిగాను. మళ్ళీ హిందీలోనే చెప్పింది. మూడోసారి "చెల్లీ, నాకు హిందీ సరిగ్గా రాదు" అన్నాను. అబద్ధమే. అప్పుడు నవ్వి, "అయ్యో అక్కా, రేపు పొద్దున పరగడుపున రండి" అంది. పరగడుపు అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. మా అమ్మ వాడేది.

మా ఇంట్లో మామగారు ఉర్దూ పేపరు చదువుతారు, ఆయనకి తెలుగు అక్షరాలు రావు. నాకు ఉర్దూ చదవడం కూడబలుక్కుంటూ వస్తుంది, అందుకని తెలుగు పేపరు తెప్పించుకుంటాను. పొద్దున టీ దగ్గర ఆయనది నాకు, నాది ఆయనకి చదివి చెప్పుకుంటాం. ఒకే వార్త రెండింటిలోనూ ఒకలా ఉండదు, దాని మీద రోజూ తగువు. పిల్లలకి రెండూ పట్టవు. ఇంగ్లీష్ మీడియం. 2018 చట్టం వల్ల బళ్ళో తెలుగు తప్పనిసరి అయింది, అది చదువుతున్నారు. ఉర్దూ మాత్రం మాట వరకే.

కూకట్‌పల్లి నివాసి:
అక్కా, ఆ కౌంటర్ అమ్మాయి లాంటివాడినే నేనూ. మా వీధిలో ఒక ముస్లిం టైలర్ ఉన్నాడు. పదేళ్ళుగా "భాయ్, కిత్నా హువా" అంటున్నాను. ఇవాళ తెలుగులో అడిగి చూశాను. "మూడు వందలు సార్, మాది వరంగల్" అన్నాడు.

గోదారి గట్టు:
నెల దాటింది. బ్రాంచి నుంచి రాస్తున్నాను.

మొదటి రోజే పరువు పోయింది. ఒక పెద్దాయన విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చారు. ఫారం మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి, సంతకం ఉర్దూలో ఉంది. కంప్యూటర్‌లో నమూనాతో సరిపోల్చాలి. నేను అలవాటు కొద్దీ ఎడమ నుంచి మొదలుపెట్టి, చివరి తోక చూసి, "ఆరంభం కలవడం లేదు" అన్నాను. అటెండర్ చెవిలో చెప్పాడు: "సార్, అది ఆరంభం గాదు, ఆఖరు." పెద్దాయన ఏమీ అనకుండా నా పెన్ను తీసుకుని, స్లిప్పు వెనకాల అలిఫ్, బే, పే రాసి నా వైపు జరిపారు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా రెండేసి అక్షరాలు నేర్పుతున్నారు. సీన్, షీన్ దగ్గరున్నాం.

పరసోఁ గురించి హెచ్చరించినందుకు తమ్ముడికి దండం. "పరసోఁ ఏటీఎం కార్డు పోయింది" అన్నాయన కార్డు పోయి పద్నాలుగు నెలలైంది.

ఇంకోటి గమనించాను. ఇక్కడివాళ్ళు "ఆతూఁ బోల్‌కే బోలా" అంటారు. మాట మాటకీ సరిపెడితే "వస్తా అని చెప్పాడు". మన "అని" ఉన్న చోటే వాళ్ళ "బోల్‌కే". "కల్ ఆయే సో సాబ్" అంటే "నిన్న వచ్చిన సారు". ఢిల్లీ హిందీలో ఈ వరసే ఉండదు కదా? తెలుగులో ఆలోచించి ఉర్దూ మాటలు పేర్చుకుంటూ పోతున్నాను, తొంభై పాళ్ళు కుదురుతోంది. ఆడ మగ తేడాల్లో తప్పులు పోతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు. వాళ్ళూ అంత పట్టింపుగా లేరు.

దస్తావేజు రాతగాడు:
నాలుగు వందల ఏళ్ళు పక్కపక్కన కూర్చుంటే అంతే మరి. షీన్ అయ్యాక సాద్, జాద్ వస్తాయి. అక్కడ జాగ్రత్త, మన చెవికి అన్నీ స, జ లాగే వినిపిస్తాయి.

రెండు పేపర్ల ఇల్లు:
దస్తావేజు గారూ, ఒక సాయం. మా నాన్న పెట్టెలో ఒక కాగితం దొరికింది, ఊరి భూమిదనుకుంటాను. మా మామగారికి కూడా అందడం లేదు, "యే తో కీడే మకోడే హైఁ", అన్నీ పురుగులే అని అద్దాలు తీసేశారు. పేర్లు కనబడకుండా మడిచి, హద్దుల భాగం వరకు ఫోటో పెడుతున్నాను.

దస్తావేజు రాతగాడు:
చూశానమ్మా. షికస్తాయే, కానీ రాసినాయన చెయ్యి మంచిది. పైన "హుదూదే అర్బా", అంటే నాలుగు హద్దులు. మన హద్దు కూడా ఆ హదే. షుమాల్, ఉత్తరం: నాలా. జునూబ్, దక్షిణం: బండ్ల బాట. మష్రిక్, తూర్పు: మసీదు ఇనాం భూమి. మగ్రిబ్ దగ్గర కాసేపు తికమక పడ్డాను, ఏ ఉర్దూ మాటకీ సరిపోలేదు. పైకి చదివితే తెలిసింది. అది తెలుగు. ఉర్దూ అక్షరాల్లో "చింతల తోపు" అని రాశాడు.

రెండు పేపర్ల ఇల్లు:
అది మా బడి వెనకాలే. చింతకాయలకి రాళ్ళేసేవాళ్ళం. ఇప్పుడు మూడు చెట్లున్నాయి.

దస్తావేజు రాతగాడు:
మూడున్నా హద్దు హద్దే. ఆ చెట్లతో కలిపి ఒక ఫోటో తీయించి పెట్టుకోండి. అసలు కాగితం మాత్రం లామినేషన్ చేయించకండి, పాడైపోవచ్చు.