టర్బో ‘లాగ్’ తగ్గింది అంటే మంచికా చెడుకా?

అందరికీ నమస్తే అండి, మాది గుంటూరు. టర్బో కార్లు, సూపర్‌ఛార్జర్ కార్లు, వాటి ట్యూనింగ్ గురించి తెలుగులో రాస్తుంటాను, రాసేటప్పుడు ఒక మాట దగ్గర ప్రతిసారీ కలం ఆగిపోతోంది. అదే ‘లాగ్’. యాక్సిలరేటర్ తొక్కాక బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి నొక్కే అదనపు గాలి, వచ్చేదాకా పట్టే ఆలస్యాన్ని టర్బో లాగ్ అంటాం కదా, మరి మన మెకానిక్కులకి ఇంజన్ విషయంలో అన్నిటికన్నా పెద్ద మాట ‘లాగడం’. బండి లాగుతోందా లేదా, వాళ్లకి అదే ముఖ్యం. ఇప్పుడు నేను ‘ట్యూనింగ్ చేశాక టర్బో లాగ్ తగ్గింది’ అని రాస్తే సగం మంది బాగుందే అంటారు, మిగతా సగం మంది లాగడం తగ్గితే డబ్బులు పోసి ఎందుకు చేయించినట్టు అంటారు. ఒక్క వాక్యానికి ఎదురెదురు అర్థాలు.

ఇది ఊరికే వచ్చిన గొడవ కాదండి, మన భాష స్వభావమే అంత. హల్లుతో ఆగిపోయే మాట మన నోటికి నచ్చదు, చివర ఒక ఉకారం తగిలిస్తాం, బస్సు, కారు, గేరు, బ్రేకు, క్లచ్చు అన్నీ అలా వచ్చినవే, ఆ లెక్కన లాగ్ అనేది నాలుగు నోళ్లు తిరిగేసరికి ‘లాగు’ అయి కూర్చుంటుంది. ఆ లాగు మనకి ఎప్పట్నుంచో ఉంది, పైగా బలానికి గుర్తుగా ఉంది. మా గుంటూరు జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలు తెలియని ఊరుంటుందా? లాగుడు అంటే దమ్ము, సత్తా. అలాంటి మాట పక్కన ఆలస్యం అనే అర్థం ఉన్న మాట తెచ్చి పెడితే ఎలా చెప్పండి.

నా ప్రతిపాదన ‘జాగు’. జాగు చేయకు అని మన పెద్దవాళ్లు అనే మాటే. టర్బో జాగు అంటే లాగుడుతో కలవదు, అర్థమూ సరిగ్గా అదే. మీరేమంటారు?

విజయవాడ సభ్యుడు: అన్నా, నేను ఆటోనగర్‌లో పని చేస్తా, జాగు అని ఇక్కడ ఎవడూ అనడు. ‘టర్బో లేటుగా ఎత్తుకుంటోంది’ అంటాం, అందరికీ అర్థమవుతుంది. రాతలో అయితే ‘ల్యాగ్’ అని యకారం పెట్టేస్తే సరి, బ్యాంకు, ల్యాబు రాయట్లేదా. దీనికింత చర్చ దేనికి?

నా జవాబు: తమ్ముడూ, ‘ఎత్తుకోవడం’ చాలా మంచి మాట చెప్పావ్, దాన్ని నేను వదలను, ఎందుకో చెప్తా. ల్యాగ్ అని రాస్తే కంటికి తేడా తెలుస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఆ మాట ఇప్పుడు ఫోన్లకీ గేములకీ అంటుకుపోయింది, ఫోన్ ల్యాగ్ అవుతోంది అంటే ఇరుక్కుపోయి కదలట్లేదని. టర్బోలో ఏదీ ఇరుక్కోదు, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, పొగ బయటికొచ్చి టర్బైన్‌ని తిప్పి, ఆ టర్బైన్ నిమిషానికి లక్ష చుట్లు (ఆర్‌పీఎం) దాటి, దాంతోపాటు తిరిగే కంప్రెసర్ గాలిని లోపలికి నొక్కేసరికి కొంత టైం పడుతుంది, అంతే. అదే గాలి నొక్కే పని చేసే సూపర్‌ఛార్జర్ అయితే బెల్టుతో నేరుగా క్రాంక్‌కి (ఇంజన్ తిప్పే ఇరుసుకి) కట్టి ఉంటుంది కాబట్టి ఆ జాగు దాదాపు ఉండదు, కాకపోతే తను తిరగడానికి ఇంజన్ బలంలోంచే కొంత తినేస్తుంది. 1985లో వచ్చిన లాన్సియా డెల్టా ఎస్4లో రెండూ పెట్టారు, కింద ఆర్‌పీఎంలో సూపర్‌ఛార్జర్, పైన టర్బో.

ఇక ‘లేటుగా ఎత్తుకుంటోంది’ అన్నావు చూడు, అందులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు ఎంత తొక్కినా పూర్తి బూస్ట్ రాదు, తిప్పడానికి సరిపడా పొగే లేదు కాబట్టి. అది ఎత్తుకునే ఆర్‌పీఎం సంగతి. సరిపడా ఆర్‌పీఎంలో ఉండి కూడా తొక్కిన తర్వాత కాస్త ఆగి వస్తే అది జాగు. మొదటిదానికి గేరు తగ్గిస్తే సరిపోతుంది, రెండోదానికి టర్బైన్ సైజు, వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు) కంట్రోల్, పైపుల పొడవు చూడాలి. కస్టమర్ వచ్చి పికప్ లేదు అంటే నువ్వు ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవాలి కదా, మాట వేరుగా ఉంటే ప్రశ్న అడగడం కూడా తేలిక.

అసలు ‘పికప్’ అన్న మాట మీదే నాకు పెద్ద ఫిర్యాదు ఉంది. పెడల్ మ్యాప్ మార్చి కొంచెం తొక్కగానే థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే మూత) ఎక్కువ తెరుచుకునేలా చేస్తే జనం పికప్ పెరిగింది అంటారు, ఇంజన్ బలం మాత్రం వీసమెత్తు పెరగలేదు. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొట్టినప్పుడు లోపలికెళ్లే గాలి వేడెక్కి, నాకింగ్ (లోపల ఇంధనం అదుపు తప్పి మండి కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్‌ని (నిప్పురవ్వ పడే సమయాన్ని) వెనక్కి జరిపితే అప్పుడూ పికప్ పోయింది అంటారు. అక్కడ తగ్గింది లాగుడు, జాగు కాదు. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చూడాల్సిన చోట టర్బో విప్పుకుంటూ కూర్చుంటే ఎంత నష్టం!

విజయవాడ సభ్యుడు: సరే అన్నా, జాగు రాతకి ఓకే. మరి పవర్ డెలివరీని, అంటే ఇంజన్ బలం అందే తీరుని, ఏమంటావ్? ఒకచోట ‘శక్తి పంపిణీ’ అని చూశా.

నా జవాబు: పంపిణీ వద్దు తమ్ముడూ, పంపిణీ అంటే నలుగురికి పంచడం, రేషన్ బియ్యం గుర్తొస్తుంది. ‘లాగుడు తీరు’ అనొచ్చు. 1975లో వచ్చిన పోర్షే 911 టర్బో లాగుడు తీరు చూడు, 260 హార్స్‌పవర్, ఇంజన్ వెనక చక్రాలకి కూడా వెనకాల, చాలాసేపు ఏమీ లేక మలుపు మధ్యలో ఒక్కసారిగా తన్నేది, అందుకే దాన్ని తోలడానికి భయపడేవాళ్లు. ‘తన్నడం’ కూడా మన మాటే, వాడదాం. దానికి ఎదురు ‘సాఫీగా లాగడం’. 2015 నాటి ఫెరారీ 488 జీటీబీ టార్క్ (తిప్పే బలం) 760 న్యూటన్ మీటర్లు, కానీ అది మొత్తం ఏడో గేర్లోనే ఇస్తారు, కింది గేర్లలో కావాలనే కట్టేసి ఆర్‌పీఎం పెరిగేకొద్దీ లాగుడు పెరిగేలా చేశారు. నా లెక్కలో మంచి ట్యూనింగ్ అంటే ఇదే, హార్స్‌పవర్ నంబర్ పెంచి తన్నేలా వదిలేయడం కాదు.

విజయవాడ సభ్యుడు: మరి ర్యాలీ కార్లలో యాంటీ లాగ్? తెలుగులో చెప్తే లాగకుండా ఆపేది అనుకుంటారు.

నా జవాబు: అవును, అక్కడైతే మరీ ప్రమాదం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కూడా కొంత ఇంధనం ఎగ్జాస్ట్‌లో మండేలా చేసి టర్బైన్ వేగం పడిపోకుండా చూస్తారు, ఆ టపటప శబ్దం దానిదే, టర్బోకి విపరీతమైన వేడి కాబట్టి రోడ్డు కార్లకి ఎవరైనా పెడతానంటే ఒప్పుకోవద్దు. నేను ‘జాగు తప్పించే సెటప్’ అని రాస్తున్నా. ఇంకా పొట్టిగా ఎవరైనా చెప్పగలిగితే ఇక్కడే రాయండి, రేపటి పోస్టులో అదే వాడతా.