జిప్సీకి డిఫ్ లాక్ వేయించాలా, వద్దా? (అనంతగిరి వైపు కాఫీ తోట దారి)

అనంతగిరి జిప్సీ:

అందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరి మండలం. బండి మారుతీ జిప్సీ కింగ్, 1.3 పెట్రోలు, వేలంలో కొన్నది. ముందు హబ్బులు చేత్తో తిప్పే రకం, అవి బిగిస్తేనే ముందు చక్రాలకు ఇంజిన్ బలం అందుతుంది. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లాంటివేవీ లేవు. టైర్లు కంపెనీ సైజే, 205/70 ఆర్15. మామూలు రోడ్డు టైర్లు, సగం అరిగాయి.

తారురోడ్డు దిగాక తోట దాకా మట్టి దారి. గెడ్డ (వాగు) దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. అంతా ఎర్రమట్టి. వాన నీళ్లు దారి మధ్యలోంచే పారి లోతుగా గాడులు కోసేశాయి. ఒక వంపు దగ్గర ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి తేలిపోతాయి. ఆ రెండూ గిర్రున తిరుగుతుంటాయి, నేల మీదున్న రెండూ కదలవు. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలం పంపే తక్కువ వేగం గేరు) వేసినా అదే తంతు. నవంబరు నుంచి కాఫీ పళ్లు దించాలి, ఆ తర్వాత మిరియాలు. తొలకరికి ఎరువు పైకి చేర్చాలి.

అందుకే డిఫ్ లాక్ (లాకర్), అంటే ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించేది, వేయిద్దామా అని చూస్తున్నా. ఇక్కడి మెకానిక్ "వెనక స్టార్ పీనియన్లకు (డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ల చక్రాలు) వెల్డింగ్ కొట్టేద్దాం, సాయంత్రానికల్లా బండి తీసుకెళ్లిపో" అంటున్నాడు. ఇంకొకాయన దానంతట అదే లాక్ అయ్యే ఆటోమేటిక్ లాకర్ చాలన్నాడు, స్టార్ పీనియన్లు తీసేసి వాటి చోట కూర్చోబెట్టే రకం. ఎయిర్ లాకర్ (స్విచ్ వేస్తే గాలి ఒత్తిడితో లాక్ అయ్యేది, తీసేస్తే వదిలేది) అయితే కంప్రెసర్, కస్టమ్స్ అన్నీ కలిపి లక్ష పైమాటేనట. మా అమ్మను విశాఖ ఆసుపత్రికి ఘాట్ మీదుగా తీసుకెళ్లేది కూడా ఈ బండిలోనే. అందుకే తొందరపడి ఏదీ చేయించడం లేదు. వెనక వేయించాలా, ముందు వేయించాలా, అసలు వేయించాలా?

వికారాబాద్ జిమ్నీ:

నాది జిమ్నీ, దానికి కూడా లాకర్ లేదు. గాలిలో తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టేసి అవతలి చక్రానికి బలం పంపే ఏర్పాటు కంపెనీయే ఇచ్చింది. మీరు చెప్పినట్టు రెండు చక్రాలు తేలినప్పుడు కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేయకూడదు. ఒకే తీరుగా తొక్కి పట్టుకుంటే చక్రం కాసేపు తిరుగుతుంది, తర్వాత బ్రేకు పట్టి బండి పాకుతుంది. జిప్సీకి ఆ సదుపాయం లేదు కాబట్టి మీకు లాకర్ అవసరం నాకన్నా ఎక్కువే.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మా వైపు నల్లరేగడి. టైరు గాడుల్లో మట్టి నిండిపోతే నాలుగు చక్రాలూ నున్నగా అయిపోతాయి. అప్పుడు బ్రేకు పట్టినా, లాకర్ ఉన్నా కదిలేది లేదు. నేను ముందు టైర్లే మార్చాను.

కంచరపాలెం షెడ్డు:

తమ్ముడూ, ముందు ఆ వెల్డింగ్ మాట పూర్తిగా మానెయ్. జిప్సీలు విప్పి బిగించే పనిలోనే నా తల నెరిసింది, అందుకే గట్టిగా చెప్తున్నా. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. ఆ తేడాకు చోటిచ్చేదే డిఫరెన్షియల్. వెల్డింగ్ కొడితే ఆ తేడా అంతా టైరు రబ్బరు మీదా, యాక్సిల్ రాడ్డు మీదా పడుతుంది. టైర్లు తొందరగా పోతాయి, రాడ్డు స్ప్లైన్ల (కొన మీది గాట్లు) దగ్గర మెలిపడుతుంది. అంతకన్నా భయం తడి ఘాట్. హెయిర్‌పిన్‌లో నువ్వు స్టీరింగ్ కోసినా, వెనక చక్రాలు రెండూ కలిసి బండిని నేరుగా తోస్తాయి. జిప్సీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2375 మిల్లీమీటర్లే. ఇంత పొట్టి బండి వెనక జారిందంటే సర్దుకునే వ్యవధి ఇవ్వదు. అమ్మగారిని ఎక్కించుకుని అలాంటి బండిలో ఘాట్ దిగొద్దు.

ఇక నీ వంపు సంగతి. ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. గాలిలో ఉన్న చక్రం తిరగడానికి బలం దాదాపు అక్కర్లేదు, కాబట్టి నేల మీదున్న దానికీ ఆ కాస్తే అందుతుంది. ఇంజిన్ ఎంత అరిచినా ఆ లెక్క మారదు. ఫోర్ లో బలాన్ని పెంచుతుంది, పంపకాన్ని మార్చదు. ముందు యాక్సిల్‌లో ఒకటి, వెనక యాక్సిల్‌లో ఒకటి తేలితే నీ ఫోర్ వీల్ డ్రైవ్ అక్కడితో సరి. లాకర్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

అయితే చక్రం ఎందుకు తేలుతోందో కూడా చూడు. నువ్వు పైకి ఖాళీగా వెళ్తావు, బరువుతో కిందికి వస్తావు. ఖాళీ జిప్సీకి కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) కర్రలాగా ఉంటాయి, వంగవు. గాడిలోకి కాలు చాపాల్సిన చక్రం చాపదు, అందుకే తేలుతుంది. బస్తాలు వేసుకుని దిగేటప్పుడు కట్టలు వంగుతాయి, చక్రాలు నేలను అంటిపెట్టుకుంటాయి, పైగా దిగుడు. అప్పుడు లాకర్‌తో పనే ఉండదు. అంటే నీ కష్టమంతా ఖాళీ బండి ఎక్కేటప్పుడే. ఎరువు వేసుకుని ఎక్కినప్పుడు ఆ వంపు దగ్గర ఏం జరుగుతోందో ఈసారి దిగి చూడు. చక్రం తేలడం తగ్గిందంటే నేను చెప్పింది నిజమే.

ఖాళీగా ఎక్కేటప్పుడు గెడ్డ దగ్గర ఆగి నాలుగు టైర్లలోనూ గాలి 18 పీఎస్‌ఐకి దించు. టైరు పరుచుకుని రాయినీ గాడి అంచునూ పట్టుకుంటుంది. 15 కన్నా దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. పైన బస్తాలు ఎక్కించే ముందు మళ్లీ నింపాలి, మరచిపోవద్దు. మెత్తటి టైరు మీద బరువేస్తే గోడ చీలిపోతుంది. బ్యాటరీకి తగిలించే చిన్న పంపు ఒకటి బండిలో ఉంచుకో. టైర్లు మాత్రం మార్చాల్సిందే. అదే సైజులో ఆల్ టెర్రైన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే రకం) వెయ్యి. సగం అరిగిన రోడ్డు టైర్లతో ఏ లాకర్ వేసినా, జారే చక్రాలు ఒకటికి రెండవుతాయి.

దారిని కూడా కాస్త పట్టించుకో. వంపుకు పైన దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా చిన్న కాలువ కొట్టి నీళ్లను పక్క తుప్పల్లోకి మళ్లించండి. గాడుల్లో గెడ్డ రాళ్లు పేర్చండి. తోటలవాళ్లు నలుగురు కలిస్తే ఒక పూట పని. ఇది బండి బాగుచేసే నాలాంటివాడు చెప్పాల్సిన మాట కాకపోవచ్చు గానీ, లక్ష ఖర్చుకు ముందు చేయాల్సింది ఇదే.

మెల్‌బోర్న్ తెలుగోడు:

జిప్సీని ఇక్కడ సియెర్రా అంటారు, ఇప్పటికీ వీటితో కొండలెక్కేవాళ్లు చాలామంది. ఎయిర్ లాకర్లు చేసే ఏఆర్‌బీ కంపెనీదీ మెల్‌బోర్నే. నా సలహా ఏంటంటే, ఆటోమేటిక్ లాకర్‌ను ముందు యాక్సిల్‌లో వేయించండి. హబ్బులు విప్పి ఉంచితే తారురోడ్డు మీద అది ఉందన్న సంగతే తెలియదు, ఘాట్‌లో అమ్మగారితో వెళ్లినా ఇబ్బంది లేదు. పాత క్రౌన్ పీనియన్ (డిఫ్‌లోని పెద్ద పళ్ల చక్రాల జత) సెట్టింగ్ కదిలించక్కర్లేదు కాబట్టి పనీ తేలిక, ఖర్చూ తక్కువ. ఇక్కడ చాలామంది మొదట చేసేది ఇదే.

కంచరపాలెం షెడ్డు:

హబ్బుల సంగతి మీరన్నది నిజమండీ, తారు మీద ఆ లాకర్ అడ్డురాదు. కానీ మట్టి దారిలో హబ్బులు బిగించి ఫోర్ వీల్‌లో పెట్టగానే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. తమ్ముడి బండికి పవర్ స్టీరింగ్ లేదు. గాడుల మధ్య అంగుళం అంగుళం తిప్పుకుంటూ పోవాల్సిన చోట అది పెద్ద కష్టం. ముందు సీవీ జాయింట్ల (చక్రం మలుపు తిరిగి ఉన్నా బలం అందించే కీళ్లు) మీద కూడా భారం పెరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే విరిగేది అదే.

తమ్ముడూ, ఒకటి చెప్పు. ఆ దారి ఎక్కడైనా లోయ వైపు వాలి ఉందా?

అనంతగిరి జిప్సీ:

ఉందన్నా. వంపు దాటాక సిల్వర్ ఓక్ చెట్ల వరసను ఆనుకుని దారంతా ఎడమకే ఒరిగి ఉంటుంది. కింద గెడ్డ. వానలో అక్కడ ఎప్పుడూ మెల్లగా పోతాను.

కంచరపాలెం షెడ్డు:

అయితే ఆటోమేటిక్ రకం ముందూ వద్దు, వెనకా వద్దు. ఓపెన్ డిఫ్‌లో ఒక చక్రం జారినా రెండోది ఊరికే దొర్లుతూ నేలను పట్టుకునే ఉంటుంది, బండిని పక్కకు పోనివ్వదు. లాక్ అయిన యాక్సిల్‌లో రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదులుతాయి. తడి ఎర్రమట్టి మీద బండి ఎటు వాలి ఉంటే అటే జారుతుంది, నీకు లోయ వైపు. నిన్ను వంపులో ఎక్కించే లాకరే, ఆ తర్వాతి ముక్కలో నిన్ను పక్కకు నెడుతుంది. వేసుకునేదీ తీసేసుకునేదీ నీ చేతిలో ఉండే రకమే, అంటే ఎయిర్ లాకరే, నీ దారికి పనికొస్తుంది. వంపు దగ్గర వెయ్యి, దాటగానే తీసెయ్.

అదీ వెనక ఒక్కదానికి చాలు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి పట్టు దొరికేది అక్కడే. రెంటికీ అక్కర్లేదు.

అనంతగిరి జిప్సీ:

అర్థమైందన్నా. వెల్డింగ్ వద్దని మెకానిక్‌కు చెప్పేశాను. ముందు టైర్లు, పంపు కొంటాను. కాలువ, రాళ్ల పని గురించి పక్క తోటవాళ్లతో సంతలో మాట్లాడాను, వస్తామన్నారు. ఈ పంట ఇలా గడిపి, అప్పటికీ వంపు ఎక్కకపోతే వెనక ఎయిర్ లాకర్ వేయిస్తాను. మెల్‌బోర్న్, వికారాబాద్ అన్నలకు కూడా థ్యాంక్స్. లాకర్ కోసం బండిలో ఇప్పటి నుంచీ చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

కంచరపాలెం షెడ్డు:

వెనక డిఫ్ ఆయిల్ ఒకసారి దించి చూడు. పాలలా తెల్లబడి ఉంటే గెడ్డ నీళ్లు లోపలికి పోతున్నట్టే. పరుగు మీద వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలికి పీలుస్తుంది. బ్రీథర్‌కు (హౌసింగ్ గాలి పీల్చి వదిలే రంధ్రం) ట్యూబు తగిలించి పైకి, బాడీ దాకా కట్టించు. ఆయిల్‌లో ఇనుప రజను మరీ ఎక్కువుంటే క్రౌన్ పీనియన్ అరిగినట్టే, అలాంటి దాంట్లో కొత్త లాకర్ పెట్టడం దండగ. యాక్సిల్ రాడ్లు రెండూ లాగించి స్ప్లైన్లు మెలిపడ్డాయేమో చూపించు. ఎయిర్ లాకర్ బిగించేవాడు డయల్ గేజ్ పెట్టి క్రౌన్, పీనియన్ పళ్ల మధ్య సందు కొలవాలి, షిమ్ములు (మధ్యలో పెట్టే పలచటి రేకులు) సరిచేయాలి. గేజ్ లేకుండా చేత్తో ఆడించి "సరిపోయింది" అనేవాడి దగ్గర చేయించొద్దు, నెల తిరక్కుండా డిఫ్ ఊళపెడుతుంది. కంప్రెసర్ కొనేటప్పుడు టైర్లకు కూడా గాలి పట్టేంత పెద్దది తీసుకుంటే, ఇప్పుడు కొంటున్న చిన్న పంపు తర్వాత అక్కర్లేదు.