అమ్మను బుద్ధుడి పార్కుకు తీసుకెళ్లాలి, ఏది మంచిది?

పొదిలి అమ్మాయి:

నాన్న పోయి పది నెలలైంది. సంవత్సరీకం కాకుండా గుడి మెట్లు ఎక్కకూడదని పెద్దవాళ్లు అన్నారు. అమ్మ ఇంట్లోంచి కదలడం మానేసింది. మొన్న టీవీలో పెద్ద బుద్ధుడి విగ్రహం చూపిస్తుంటే, "అక్కడికైతే మనం పోవచ్చా?" అని అడిగింది. ఇన్ని నెలల్లో తనంతట తాను అడిగింది ఇదొక్కటే. అమరావతికా, నాగార్జునసాగర్ బుద్ధవనానికా? ఆమెకు మోకాళ్ల నొప్పులు. జనం ఎక్కువగా ఉంటే భయపడుతుంది. పోయొచ్చినవాళ్లు చెప్పండి.

దర్శి మాస్టారు:

అమ్మాయ్, సాగర్‌కే తీసుకెళ్లు. పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత మా అత్తగారిని తీసుకెళ్లాను. ఆవిడకు 74 ఏళ్లు. మా మామగారు పోయి అప్పటికి ఏడాదిన్నర.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి వినుకొండ, కారంపూడి, మాచర్ల మీదుగా పోయాం. పులిహోర ఇంటి నుంచే కట్టుకున్నాం. డ్యాం దాటి అవతలి ఒడ్డుకు, తెలంగాణ వైపు పోవాలి. బుద్ధవనం 274 ఎకరాలు, 2022 మే నెలలో మొదలైంది. అంతా తిరగాలని మాత్రం పెట్టుకోకు. మేము మొదట అదే తప్పు చేశాం. జాతక వనంలో బుద్ధుడి పూర్వజన్మల 40 కథల శిల్పాలున్నాయి. నేను పాఠం చెప్పినట్టు ఒక్కోటీ చెప్పుకుంటూ పోతున్నాను, ఆవిడ కాళ్లు పట్టేసినా నోరెత్తలేదు. చివరికి నా భార్య కోప్పడితే ఆగాను. మీరు రెండు చోట్లే చూడండి: బుద్ధచరిత వనం, మహాస్తూపం. శ్రీలంకలోని అవుకన బుద్ధుడి నమూనా కూడా ఉంది, 27 అడుగులు, నిలబడి ఉంటాడు. మీ అమ్మ టీవీలో చూసినంత పెద్దది కాకపోయినా దగ్గరగా నిలబడి తల ఎత్తితే చాలు.

బుద్ధచరిత వనంలో ఆయన పుట్టుక దగ్గర్నుంచి చివరిదాకా శిల్పాల్లో చూపించారు. మహాపరినిర్వాణం దగ్గర మా అత్తగారు ఆగి, "నిద్రపోతున్నాడా?" అంది. "కాదమ్మా, పోయాడు. ఎనభై ఏళ్లకు" అన్నాను. "బుద్ధుడు కూడా పోయాడా" అని అక్కడే కూర్చుండిపోయింది. పిలిచినా రాలేదు. మేము కాస్త దూరంగా చెట్టు కింద ఉన్నాం. అరగంట తర్వాత తనే లేచి వచ్చి, "మీ మామయ్యకు 79" అంది. ఆయన పోయాక ఆయన ఊసు ఆవిడ నోటి వెంట రావడం అదే మొదలు. తిరుగు దారిలో మాచర్ల దాకా ఆయన గురించే చెప్పుకొచ్చింది.

అక్కడ అర్చన లేదు, గోత్రం అడిగేవాళ్లు లేరు. మైల గురించి ఎవరేమన్నా మనసులో పెట్టుకోకు. ఒక మడత కుర్చీ, నీళ్లు, ఎండకు తెల్ల తువ్వాలు తీసుకెళ్లండి. పదకొండు దాటితే రాళ్లు కాలతాయి, కాబట్టి పొద్దున్నే చూసేయాలి. ఓపికుంటే వచ్చేటప్పుడు మన ఒడ్డున అనుపు దగ్గర ఆగండి. డ్యాం నీళ్లలో మునిగిపోకుండా నాగార్జునకొండ లోయ నుంచి రాయి రాయి తెచ్చి మళ్లీ కట్టిన పాత కట్టడాలున్నాయి అక్కడ.

నెల్లూరు నుంచి ఒకరు:

మాస్టారు చెప్పింది బాగుందండి. కాకపోతే పెద్ద విగ్రహమే చూడాలని ఆమె అడిగితే అమరావతి ధ్యానబుద్ధుడే. 125 అడుగులు, కృష్ణ ఒడ్డున కూర్చుని ఉంటాడు. మాకు నెల్లూరు నుంచి హైవే మీద గుంటూరు దాకా పోయి తిరిగితే సరిపోతుంది. కార్తీకంలో మాత్రం వద్దు, అమరేశ్వరుడి గుడికి వచ్చే జనం అంతా ఇటు కూడా వస్తారు. మామూలు రోజు సాయంత్రం పోతే మీరే ఉంటారు.

చందవరం కుర్రాడు:

అక్కా, సాగర్ దారిలో కాస్త పక్కకు తిరిగితే మా ఊరే. దొనకొండ మండలం. గుండ్లకమ్మ పక్కన సింగరకొండ మీద మహాస్తూపం ఉంది, 1964లో బయటపడింది, 1972 నుంచి 76 దాకా తవ్వారు. పెద్ద బొమ్మలేమీ లేవు, ఇటుకలూ గాలీ, అంతే. ఇక్కడి మ్యూజియం నుంచి దొంగలెత్తుకుపోయిన ఒక సున్నపురాతి ఫలకం ఆస్ట్రేలియా దాకా పోయింది. అక్కడి నేషనల్ గ్యాలరీ 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చేసింది. బుద్ధుణ్ణి కొలుస్తున్న మనుషులు దాని మీద ఉన్నారు. మా తాతల నాటి రాయి అంత దూరం పోయి తిరిగొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మోకాళ్ల నొప్పి కదా, అమ్మను కొండ ఎక్కించొద్దు. కింద కారు ఆపి చూపించినా చాలు.

పొదిలి అమ్మాయి:

అందరికీ థాంక్స్. మాస్టారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు, "ఆ మడత కుర్చీ మన అటక మీదే ఉంది, మీ నాన్న తిరుపతి పోయేటప్పుడు కొన్నాడు" అంది. వచ్చే మంగళవారం బయలుదేరుతున్నాం.