అసలు పాట వినకుండా రీమిక్స్ వింటే తప్పా?

రాత్రిషిఫ్ట్

ఆదివారం భోజనాల దగ్గర మా బాబాయికీ నాకూ గట్టి వాదనే జరిగింది. అది ఇంకా మనసులో నలుగుతోంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నేను నైట్ షిఫ్ట్ చేస్తాను. గచ్చిబౌలి నుంచి ఉప్పల్ వచ్చేసరికి క్యాబ్‌లో గంట పడుతుంది. ఆ గంటంతా ఎలక్ట్రానిక్ రీమిక్స్‌లే వింటాను. వారానికి ఒకటైనా కొత్తది దొరుకుతుంది, దొరికిన రోజు ఇల్లు వచ్చినా దిగబుద్ధి కాదు. మొన్న అలా దొరికినదాన్ని బాబాయికి వినిపిస్తే, “అసలు పాట విన్నావా?” అని అడిగాడు. లేదన్నాను. “మరి నీకు నచ్చింది ఏంటిరా? పాటా, ఆ దరువా?” అన్నాడు. అసలు పాట తెలియనివాడికి రీమిక్స్ బాగుందో లేదో చెప్పే హక్కు లేదని ఆయన మాట.

నేను ఒప్పుకోను. నాకు దొరికింది ‘మిస్సింగ్’ అనే పాట. ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్ అనే ఇంగ్లండ్ జంట 1994లో పాడింది. మెల్లగా నడిచే పాట, అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. న్యూయార్క్ డీజే టాడ్ టెర్రీ దాని కింద హౌస్ బీట్, అంటే ఆగకుండా ఒకేలా కొట్టే డ్యాన్స్ దరువు, పెట్టాడు. 1995లో ఆ రీమిక్స్ బయటికి వచ్చాక అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లింది, అక్కడి చార్టులో ఏడాదికి పైగా ఉంది. ప్రపంచంలో చాలామందికి ఆ పాట పరిచయమైందే రీమిక్స్‌గా. వాళ్లందరూ తప్పుగా విన్నట్టా?

నా ప్రశ్న ఇదే: అసలు పాట ముందు విని తీరాలా? రీమిక్స్‌తో మొదలుపెడితే ఏం పోతుంది?

క్యాసెట్‌పెట్టె

పోయేది ఉంది తమ్ముడూ. మీ బాబాయి అన్నదాంట్లో సగం నిజం ఉంది.

అమెరికన్ గాయని సుజాన్ వేగా ‘టామ్స్ డైనర్’ తీసుకో. 1987 ఆల్బమ్‌లో ఆ పాటకి ఒక్క వాయిద్యం కూడా లేదు. ఒక మనిషి పొద్దున్నే హోటల్లో కూర్చుని కాఫీ కోసం చూస్తూ, చుట్టుపక్కల జరిగేది గమనిస్తుంటుంది. అంతే పాట. ఆ ఒంటరితనమంతా వాయిద్యాలు లేకపోవడంలోనే ఉంది. ఎంపీ3 తయారుచేసిన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని ఈ పాట మీదే పరీక్షించుకుంటూ వెళ్లాడు. కారణం, చుట్టూ ఏమీ లేని ఆ గొంతులో చిన్న తేడా వచ్చినా చెవికి దొరికిపోతుంది. 1990లో డీఎన్ఏ అనే ఇద్దరు ఇంగ్లండ్ కుర్రాళ్లు అనుమతి లేకుండా దాని కింద డ్రమ్స్ పెట్టారు. పెద్ద హిట్టయింది, బ్రిటన్‌లో రెండో స్థానం. కానీ రీమిక్స్ ముందు విన్నవాడికి అసలు పాట వినిపిస్తే “బీట్ ఎప్పుడొస్తుంది?” అని అడుగుతాడు. మా అమ్మాయి సరిగ్గా అలాగే అడిగింది. ఆ పాటలోని నిశ్శబ్దం దానికి ఇక దక్కదు. నాకు బాధ కలిగించేది అదే.

మన పాటల దగ్గరికొద్దాం. 1982 ‘దేవత’లో చక్రవర్తి గారి ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’. 2019లో ‘గద్దలకొండ గణేష్’లో మళ్లీ వచ్చింది. మా ఆఫీసులో పాతికేళ్ల పిల్లలకి అది 2019 పాటే. వేటూరి పేరు చెబితే, ఆయన దీనికి కూడా రాశారా అని ఆశ్చర్యపోయారు.

మెట్‌పల్లి_డీజే

అన్నా, మీరిద్దరూ రెండు వేరే సంగతులు కలిపేస్తున్నారు. సినిమాలో పాత పాటని మళ్లీ కట్టడం రీమేక్. ఉన్న రికార్డింగునే తీసుకుని, దాని గొంతునీ వాయిద్యాలనీ విడదీసి, కొత్త బీట్ మీద కూర్చోబెట్టడం రీమిక్స్. నేను చేసేది రెండోది. పదకొండేళ్లుగా పెళ్లి బరాత్‌లకి, వినాయక నిమజ్జనాలకి, బోనాలకి సిస్టమ్ పెడుతున్నా. తీన్మార్ మిక్స్, చాటల్ బ్యాండ్ మిక్స్, రోడ్ షో మిక్స్ అని యూట్యూబ్‌లో మీకు కనపడేవి మాలాంటోళ్లు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో చేసినవే.

క్యాసెట్‌పెట్టె అన్నా, అసలు పాటని నా అంత దగ్గరగా ఎవరు వింటారో చెప్పండి. పాత పాటలు వాయిద్యకారులంతా కలిసి కూర్చుని వాయించినవి. మెషిన్ లెక్కకి కట్టుబడి ఉండవు. పల్లవి దగ్గర ఒక వేగం, చరణంలోకి వచ్చేసరికి వేగం కొంచెం పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. కంప్యూటర్ బీట్ మాత్రం గీత గీసినట్టు పోతుంది. రెండూ కలవాలంటే పాటని మాత్ర మాత్రకీ కోసి జరపాలి. నాలుగు నిమిషాల పాటకి నాకు రెండు రాత్రులు పట్టిన రోజులున్నాయి. ఇప్పుడు గొంతుని వేరుచేసే ఏఐ టూల్స్ వచ్చాయి. అవి తీసిన సుశీలమ్మ గొంతులో కూడా వెనకాల తబలా నీడలాగా ఉంటుంది. అది పోగొట్టాలని చూస్తే గొంతులో తడి పోతుంది. ఎంతవరకు తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నదే పని. ఆ పని చేస్తూ చేస్తూ, ఆమె పదం చివర ఊపిరి ఎక్కడ వదిలారో నాకు కంఠతా వచ్చేసింది.

ఇంకొక మాట. రోడ్డు మీద డీసీఎం బండి వెనకాల వందమంది ఎగురుతుంటే వినడానికి చేసిన మిక్స్‌ని ఇయర్‌ఫోన్స్‌లో విని “గోల” అనకండి. అది వినాల్సిన చోటు అది కాదు.

క్యాసెట్‌పెట్టె

తమ్ముడూ, నీ పని గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. పాట వేగం మారుతుందన్న సంగతి నలభై ఏళ్లుగా వింటున్నా గమనించలేదు. ఇవాళ సాయంత్రం గడియారం పెట్టుకుని వింటాను.

కానీ ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీ మిక్స్‌లలో పాట మొదలవ్వగానే డీజే పేరు అరుస్తుంది. పల్లవి మధ్యలో మళ్లీ అదే పేరు. చక్రవర్తి పేరు మాత్రం ఎక్కడా ఉండదు, కింద రాసే నాలుగు లైన్లలో కూడా ఉండదు. అంత దగ్గరగా విన్నవాడివి, ఆ పేరు ఎందుకు రాయవు?

మెట్‌పల్లి_డీజే

పేరు వేసుకోకపోతే నా మిక్స్ వారంలో ఇంకొకడి పేరు మీద ఉంటుంది అన్నా. నిజంగా జరిగింది. దసరాకి చేసిన మిక్స్‌ని పక్క జిల్లా ఛానెల్ ఒకటి ఎత్తుకుని, వాళ్ల పేరు అతికించి పెట్టింది. నా ఛానెల్‌కి వచ్చిన వ్యూస్ కంటే దానికి ఎక్కువ వచ్చాయి. ఎవరికి చెప్పుకోవాలి? పాట నాది కాదు, ఫిర్యాదు చేయడానికి కూడా లేదు. అందుకే పల్లవి మీదే పేరు అరిపిస్తాం, కోసి తీసేయడానికి వీలు కాకుండా.

చక్రవర్తి గారి పేరు సంగతి… దానికి నా దగ్గర జవాబు లేదన్నా.

కాపీరైట్_అక్క

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. చాలామంది “ఐదేళ్లు దాటితే ఎవరైనా వాడుకోవచ్చు” అనుకుంటారు. అది పొరపాటు.

కాపీరైట్ చట్టం 1957కి 2012లో సవరణ వచ్చినప్పుడు 31సీ అనే సెక్షన్ చేరింది. అది కవర్ వెర్షన్ల గురించి. అంటే పాటని మళ్లీ కొత్తగా పాడి రికార్డు చేయడం. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది గడిచాక ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. పాటని గానీ సాహిత్యాన్ని గానీ ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రీమిక్స్‌లో వాడేది పాత రికార్డింగునే కాబట్టి ఈ సెక్షన్ దానికి రక్షణ ఇవ్వదు. రికార్డింగు హక్కు ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి, ఎన్నేళ్ల పాత రికార్డింగైనా హక్కు గడువు తీరేదాకా కావాలి. యూట్యూబ్‌లో ఇవి బతుకుతున్నాయంటే, పాటల్ని పోల్చి చూసే యూట్యూబ్ వాళ్ల కంటెంట్ ఐడీ గుర్తుపట్టాక కంపెనీలు తీసేయకుండా ప్రకటనల డబ్బు తమ వైపు తిప్పుకోవడం వల్ల కూడా. ఎప్పుడైనా మనసు మార్చుకుంటే ఆ మిక్స్ రాత్రికి రాత్రి మాయమవుతుంది.

డీఎన్ఏ కుర్రాళ్ల కథ పూర్తిగా చెబుతాను. రికార్డు కంపెనీ కేసు వేయకుండా ఆ రీమిక్స్‌ని తానే కొని అధికారికంగా విడుదల చేసింది. వేగా కూడా ఒప్పుకుంది. మన దగ్గర కంపెనీలు అలా ఒక్క మెట్‌పల్లి కుర్రాడి మిక్స్ కొన్నా ఈ పేర్ల గొడవ సగం తీరుతుందని నా నమ్మకం. అధికారికంగా విడుదల చేస్తే స్వరకర్త పేరు, రచయిత పేరు, రీమిక్స్ చేసినవాడి పేరు మూడూ పక్కపక్కన వస్తాయి.

లెస్టర్_నుంచి

రాత్రిషిఫ్ట్ తమ్ముడి వైపు నా ఓటు. నా అనుభవం చెబుతాను.

నేను ఇంగ్లండ్ వచ్చింది 1998 జనవరిలో. ఫిబ్రవరిలో ఎక్కడ చూసినా ఒకటే పాట. కార్నర్‌షాప్ అనే బ్యాండ్ ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆషా’. మన ఆశా భోంస్లే మీద రాసిన పాట, లతా మంగేష్కర్, రఫీల పేర్లు కూడా అందులో వస్తాయి. అసలు పాట 1997లో వచ్చినప్పుడు ఇక్కడ చార్టులో 60వ స్థానం దాటలేదు. నార్మన్ కుక్, అంటే ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అనే డీజే, వేగం పెంచి, డ్రమ్స్ బరువెక్కించి రీమిక్స్ చేశాక నంబర్ వన్ అయింది. ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసే తెల్లాయన టీ టైములో వచ్చి అడిగాడు, “ఈ ఆషా ఎవరు?” అని. వచ్చి నెల కూడా కాలేదు, నాకు ఇంగ్లిష్ సరిగా రాదు. అరగంట చెప్పాను. మర్నాడు నా క్యాసెట్ పట్టుకెళ్లాడు. రీమిక్స్ లేకపోతే ఆ మనిషి చెవిన ఆశా గొంతు పడేదే కాదు.

అసలు పాట నేను ఆర్నెల్ల తర్వాత విన్నాను. అది నెమ్మదిగా, ఇంట్లో కూర్చుని పాడుకున్నట్టుంటుంది. ఇప్పుడు నాకు అదే ఎక్కువ ఇష్టం. కానీ అక్కడికి నన్ను చేర్చింది నార్మన్ కుక్కే.

కొత్తచెవి

వాదన బాగుంది గానీ, నాలాంటివాళ్లకి అసలు మంచి రీమిక్స్‌లు ఎలా వెతకాలో చెప్పండి. యాప్ ఇచ్చేవన్నీ ఒకేలా ఉంటున్నాయి. గొంతు సన్నగా చేసి స్పీడ్ పెంచినవి, లేదా స్లో చేసి ఎకో పెట్టినవి. రెండు రోజులకే విసుగొస్తోంది.

రాత్రిషిఫ్ట్

కొత్తచెవి గారూ, నేను నేర్చుకున్నది చెబుతాను. గాయకుడి పేరుతో వెతకడం మానేసి రీమిక్స్ చేసినవాళ్ల పేరుతో వెతకండి. టాడ్ టెర్రీ పేరు పట్టుకుంటే ఆయన చేసినవి పదుల్లో దొరుకుతాయి. అవి వింటుంటే ఆయన చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది. తర్వాత పాట పేరు పక్కనున్న మాట చూడండి. ‘రేడియో ఎడిట్’ అంటే కురచగా కోసింది. ‘ఎక్స్‌టెండెడ్’ అంటే డీజే కలుపుకోవడానికి వీలుగా ముందూ వెనకా వట్టి బీట్ ఉంచింది. ‘డబ్’ అంటే గొంతు దాదాపు తీసేసింది. నాకైతే ఎప్పుడూ పొడవైనదే కావాలి.

ఈ పొడవుకి కూడా కథ ఉంది. 1970లలో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే ఆయన, డ్యాన్స్ ఊపందుకునే సమయానికి పాట అయిపోతోందని చూసి పాటల్ని సాగదీయడం మొదలుపెట్టాడు. ఒకరోజు స్టూడియోలో చిన్న రికార్డు పళ్లేలు అయిపోయి పెద్ద పళ్లెం మీద కోస్తే, గాడులు వెడల్పుగా వచ్చి శబ్దం ఇంకా గట్టిగా, నిండుగా వచ్చింది. అలా పుట్టిందే పన్నెండు అంగుళాల సింగిల్. 1976లో సాల్‌సోల్ కంపెనీ షాపుల్లో అమ్మిన మొదటి అలాంటి రికార్డు డబుల్ ఎక్స్‌పోజర్ వాళ్ల ‘టెన్ పర్సెంట్’. రీమిక్స్ చేసింది వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే, పాట తొమ్మిది నిమిషాలు దాటింది. మొదటిసారి విన్నప్పుడు ఆ తొమ్మిది నిమిషాలు ఎటు పోయాయో తెలియలేదు నాకు.

ఇంకా, బీబీసీ రేడియో 1లో 1993 నుంచి వస్తున్న ‘ఎసెన్షియల్ మిక్స్’ వినండి. రెండు గంటలు ఒకే డీజే చేతిలో. అందులో పాట పేరు తెలియకపోతే కామెంట్లలో అడగండి, ఎవరో ఒకరు చెబుతారు. వేగం మార్చిన పాటని, విని పేరు చెప్పే షాజామ్ యాప్ చాలాసార్లు పట్టుకోలేదు, మనుషులే పట్టుకుంటారు.

ఇక క్యాసెట్‌పెట్టె గారూ, మీ మాట విన్నాక నిన్న రాత్రి క్యాబ్‌లో 1994 నాటి ‘మిస్సింగ్’ పెట్టాను. మొదటి నిమిషం నిజంగానే బీట్ కోసం ఎదురుచూశాను, మీ అమ్మాయి లాగే. రెండోసారి పెట్టినప్పుడు ఎదురుచూడలేదు. మూడోసారికి మాటలు వినిపించాయి. ఒకరు వదిలివెళ్లిన వీధిలోకి ఇంకొకరు మళ్లీ మళ్లీ వెళ్లి చూస్తుంటారు. రీమిక్స్‌లో అదే మాట మీద నేను చేతులు ఊపుతూ ఉండేవాణ్ణి. ఇప్పుడు రీమిక్స్ వింటే డ్యాన్స్ కింద ఆ దిగులు కూడా వినపడుతోంది. కాబట్టి మీరన్నట్టు దక్కకుండా ఏమీ పోలేదు, ఆలస్యంగా దక్కింది. ఇంకో సంగతి, ఆ రీమిక్స్ తర్వాత ఆ జంటే ఎలక్ట్రానిక్ వైపు తిరిగి 1996లో ‘వాకింగ్ వూండెడ్’ ఆల్బమ్ చేసింది. అసలు పాట పాడినవాళ్లే రీమిక్స్ నుంచి నేర్చుకున్నారు.

క్యాసెట్‌పెట్టె

మూడుసార్లు విన్నావు చూడు, అందుకు దక్కింది. అందరూ మూడుసార్లు వినరు తమ్ముడూ. నా భయం ఇంకా అలాగే ఉంది. కానీ లెస్టర్ ఆయన చెప్పిన టీ టైము సంగతి రాత్రంతా గుర్తొస్తూనే ఉంది.

మెట్‌పల్లి తమ్ముడూ, గడియారం పెట్టి విన్నాను. నువ్వు చెప్పింది నిజం, చరణంలో వేగం పెరుగుతోంది. మా ఆవిడని పిలిచి ఆమెకీ వినిపించాను.

మెట్‌పల్లి_డీజే

సంతోషం అన్నా.

నిన్న రాత్రి కూర్చుని నా ఛానెల్‌లో ఉన్న పాత పాటల మిక్స్‌లన్నీ తెరిచాను. నలభై మూడు ఉన్నాయి. సంగీతం, రచన, గానం, సినిమా, సంవత్సరం ఒక్కోదానికీ కింద రాస్తున్నా. పంతొమ్మిది అయ్యాయి. ఆరు పాటలకి రాసింది ఎవరో నాకు తెలియదు, నెట్‌లో ఒక్కోచోట ఒక్కో పేరుంది. ఆ ఆరింటి పల్లవులు ఇక్కడ పెడతాను, మీ క్యాసెట్ల అట్టల మీద పేర్లు ఉంటే చూసి చెప్పండి.

క్యాసెట్‌పెట్టె

పెట్టు. అటక మీది నుంచి పెట్టె దింపుతున్నాను.