అప్‌డేట్: ట్రాక్టర్ వాటర్ పంపు కారడం ఆగింది, తేడా పుల్లీ లైన్‌లోనే

కొత్త సీల్ వేసినా పంపు కింది చిల్లులోంచి కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) ఎందుకు కారుతోందని అడిగాను కదా. తప్పు సీల్‌ది కాదు. క్రాంక్ పుల్లీ మొహానికి స్టీలు స్కేలు ఆనిస్తే పంపు పుల్లీ దగ్గర 3 మి.మీ. సందు తేలింది, అంటే పంపు షాఫ్ట్ మీద పుల్లీని పట్టుకునే హబ్ లోతుగా దిగిపోయింది. బెల్టు ఏటవాలుగా లాగితే బేరింగు అరిగి, షాఫ్ట్ ఊగి, సీల్‌లో ఒకదానికొకటి ఆనుకునే మొహాలు విడిపోయి కారుతుంది.

రావులపాలెంలో హబ్‌ని పుల్లర్‌తో లాగించి, సరైన ఎత్తుకి ప్రెస్ చేయించాం. ప్రెస్ చేసేటప్పుడు కింద ఆధారం షాఫ్ట్ వెనక కొసకే ఉండాలి. పంపు బాడీకి పెడితే బరువంతా బేరింగు గోళీల మీద పడుతుంది. సుత్తి అసలే వద్దు. హబ్ వదులుగా కూర్చుంటే అది పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. బిగించాక ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకూడదు.

దమ్ములో ఫుల్ లోడు మీదా చుక్క రాలేదు. కోనసీమ ఉప్పు బోరు నీళ్లు మాత్రం రేడియేటర్లో పోయకండి.