సమస్యాపూరణం: పదియుఁ బదియును గలిపినఁ బదియె యగును

అరసున్న (నిర్వహణ): ఈ వారం పాదం ఇదిగో.

*పదియుఁ బదియును గలిపినఁ బదియె యగును*

లెక్కల మాస్టారికి చూపించకండి, బెత్తం తీస్తారు. సీఎస్సెస్‌తో (వెబ్ పేజీకి రూపం దిద్దే భాష) కుస్తీ పట్టినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. పది దిక్కులు, పది అవతారాలు అంటూ దారి మళ్లించే పూరణలు మాత్రం వద్దు.

గోరంచు: నా వంతు.

మీఁది పేరాకు నడుగున మిగులు పదియు
క్రింది పేరాకు నుదుటను గీచు పదియు
మధ్య జాగాను గొలువఁగ మార్జిను లివి!
పదియుఁ బదియును గలిపినఁ బదియె యగును

యతిరాజు: "నుదుటను గీచు" బాగుంది, పాపం ఆ పేరా తలరాత. కానీ పాదం చూడగానే అందరికీ తట్టే పూరణ ఇదే కదండీ: పై పేరా కింద పది, కింది పేరా మీద పది ఖాళీ (మార్జిన్) ఇస్తే నడుమ ఇరవై కాదు, పదే మిగులుతుంది. పైగా ఆ రెండు పేరాలనూ ఒక నిలువు ఫ్లెక్స్ డబ్బాలో (లోపలివాటిని వరసగా పేర్చేది, మార్జిన్లను కలవనివ్వదు) పెట్టి చూడండి, ఇరవై వస్తుంది. అప్పుడు మీ నాలుగో పాదం అబద్ధం.

గోరంచు: పద్యంలో ఫ్లెక్స్ ఊసు ఎక్కడుంది గురువుగారూ? 1996 డిసెంబరులో మొదటి సీఎస్సెస్ ప్రమాణం వచ్చేనాటికి ఫ్లెక్స్ పుట్టనే లేదు. మార్జిన్లు ఒకదాన్నొకటి మింగడం మాత్రం అప్పుడే మొదలైంది. అదీ నిలువు మార్జిన్లకే. అడ్డం మార్జిన్లు బుద్ధిగా కూడుకుంటాయి.

మందారమాల: పేరాలు పక్కన పెట్టండి, అసలు ఏడిపించేది తల్లీపిల్లల వ్యవహారం, అంటే డబ్బాలో డబ్బా. మొన్న ఒక కార్డుకి లేత పసుపు పూశాను. లోపలి శీర్షికకు పైన మార్జిన్ ఇచ్చాను. పసుపు కార్డు లోపల ఖాళీ రావాలి కదా? రాలేదు. కార్డు మొత్తం కిందికి జారింది, దాని పైన తెల్లటి పట్టీ. ఒక్క పిక్సెల్ బార్డరు, అదీ రంగు లేనిది, పెడితే అంతా సర్దుకుంది. ఆ కసి మీద రాసింది ఇది:

తల్లి డబ్బాకుఁ బైఁ బది; తనయ కటులె;
బార్డ రొకటైన లేకున్న బయటి కురికి
అమ్మ మార్జిను నందునె యణఁగునయ్య!
పదియుఁ బదియును గలిపినఁ బదియె యగును

అరసున్న: "బయటి కురికి" దగ్గర నవ్వాపుకోలేకపోయాను. గడప లేని ఇల్లు, పిల్ల వీధిలో. ఈ వారానికి ఇప్పటిదాకా ఇదే ముందు.

గోరంచు: నిజమే అమ్మా. కానీ బార్డరెందుకు, డిస్‌ప్లే ఫ్లో-రూట్ (పిల్ల మార్జిన్లను లోపలే కట్టేసేది) అంటే సరిపోయేదిగా?

మందారమాల: సరిపోయేది బాబూ. ఫ్లో-రూట్ ఏ గణంలో ఇరుకుతుందో మీరే చెప్పండి.

పిక్సెల్‌భట్టు: ఇద్దరూ రెండేసి డబ్బాలు వాడారు. నాకు ఒక్కటి చాలు.

కడుపులో నేమి లేనట్టి ఖాళి పెట్టె
తలకుఁ బదియును గాళ్లకుఁ దగిన పదియు
నడుమ నెవ్వరు లేకున్న నంటు నకట!
పదియుఁ బదియును గలిపినఁ బదియె యగును

ఎత్తు లేని ఖాళీ పేరాకి పైన పది, కింద పది ఇస్తే ఆ రెండూ దాని పొట్టలోంచే కలిసిపోతాయి. ఊరికే చెప్పడం లేదు. సీఎస్సెస్ కార్యవర్గం వారే తమ తప్పుల చిట్టాలో, ఒకే డబ్బా పై మార్జిన్‌నీ కింది మార్జిన్‌నీ వాటంతట అవి కలవనిచ్చి ఉండకూడదనీ, మార్జిన్ల పీడ మొత్తానికీ వేరు అదేననీ రాసుకున్నారు. అంటే నా పూరణ వేరు దగ్గరికి వెళ్లింది. మిగతావి కొమ్మలు.

యతిరాజు: వేరు సంగతి సరే, మూడో పాదంలో యతి ఏది భట్టుగారూ? "లేకున్నన్ + అంటున్". ఆ "న" ద్రుతం పెట్టిన భిక్ష. యతికి అక్కడ అచ్చే లెక్క. "నడుమ"కీ "అంటు"కీ మైత్రి ఎక్కడిది?

పిక్సెల్‌భట్టు: అఖండయతి అనుకోండి.

యతిరాజు: ద్రుతానికి అఖండయతా! ఇంకా నయం, సీఎస్సెస్‌లో మిగతా నియమాలను తోసిపుచ్చే ఇంపార్టెంట్ అని పక్కన ఆశ్చర్యార్థకం తగిలించి నెగ్గుతానన్నారు కాదు. "నలుఁగు నకట" అంటే గణమూ చెడదు, యతీ నిలుస్తుంది. మార్జిన్లు నలిగాయన్న అర్థమూ ఇంకా గట్టిగా వస్తుంది.

మందారమాల: "ఖాళి" సంగతి ఎవరూ ఎత్తలేదే. అక్కడ దీర్ఘం కూడా కూలిందా?

పిక్సెల్‌భట్టు: యతిరాజుగారికి నా పద్యమంటేనే భూతద్దం. కిందటిసారి "ముదురు బూడిద బూడిద ముందుఁ దెలుపు" పాదానికి ఆయన ఏం చేశారో అందరూ మరిచిపోయినట్టున్నారు. సీఎస్సెస్‌లో గ్రే అంటే 128, డార్క్ గ్రే అంటే 169 (అంకె పెరిగేకొద్దీ రంగు లేత). ఆ 169 గణాల్లో పట్టక "నూట డెబ్బది" అని వేసేశారు. యతి తప్పితే చెవికి తెలుస్తుంది. రంగు తప్పితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నారు కాబోలు.

యతిరాజు: ఒక్క అంకె తేడా ఏ కంటికి ఆనుతుందండీ? ఆ పూరణలో చమత్కారం అంకెలో లేదు, కారణంలో ఉంది. డార్క్ గ్రే యునిక్స్ కంప్యూటర్ల కిటికీల వ్యవస్థ ఎక్స్11 నుంచి వచ్చింది. అక్కడ గ్రే 190, కాబట్టి డార్క్ నిజంగానే ముదురు. వెబ్‌లోని గ్రే మాత్రం హెచ్‌టీఎమ్మెల్ పదహారు రంగుల్లోది, 128. రెండిళ్ల పేర్లు తెచ్చి ఒకే చీటీలో రాస్తే తమ్ముడు అన్నకంటే పెద్దవాడయ్యాడు. నేను పద్యంలో చెప్పింది అది. మీరు చదివింది డెబ్బది.

గోరంచు: భట్టుగారూ, ఆ వారం మీ పూరణ ఎక్కడా కనబడలేదేం?

పిక్సెల్‌భట్టు: ఊళ్లో లేను.

అరసున్న: చాలు స్వాములూ. మందారమాలగారిది మొదటిది. భట్టుగారి ఊహ గొప్పదే, "నలుఁగు" సవరణతో రెండోది. గోరంచుగారు ధార ఉన్నవారు, ఈసారి తొందరపడ్డారు. వచ్చే వారం జడ్-ఇండెక్స్ (ఏ డబ్బా దేని పైన కనబడాలో చెప్పే అంకె) మీద:

*ఒకటి కిందను వేయియు నొదిగి యుండె*

వేయిని తొమ్మిదివందల తొంభైతొమ్మిది చేసి గణాలు కుదుర్చుకునేవాళ్లు ముందే చెప్పండి.

యతిరాజు: ఇది ఎవరికి?

మందారమాల: ఒపాసిటీ (ఎంత పారదర్శకమో చెప్పే అంకె) 0.99 పెట్టి, లోపలి వేయిని బయటికి రానివ్వని తల్లి డబ్బాతో నేను కాచుకుని ఉన్నా. ఆ దారి ఎవరూ తొక్కకండి.